బుధవారం నాటి ఆదివారం

అకాయితి బండికి దేవుడంటే గిట్టదని సముద్రం మధ్య దీవిలో, తితికావేకా ఊళ్ళో ఒక మాట పుట్టింది. పుట్టదూ మరి! సోమవారం నుంచి శనివారం దాకా ఒక్క కిక్కుకే లేచి కూర్చునే బండి, ఆదివారం పొద్దున చర్చి గంట వినబడేసరికి నోరు కుట్టేసుకునేది. ఒక వారమైతే ఏదో పొరపాటు అనుకుని ఊరుకుంటారు. ఇది వరసగా ఏడు ఆదివారాలు.

ఏడో ఆదివారం కూడా అదే తంతు. తెల్ల గౌను, లేత కొబ్బరాకుతో అల్లిన తెల్ల టోపీ, చంకలో పాటల పుస్తకం. యాభై ఆరేళ్ళ మనిషి వాకిట్లో నిలబడి బండిని తంతూనే ఉంది. హెడ్‌లైటు మీద నిండుగా తెల్లటి తియారె పూలదండ. పక్కనే సున్నం కొట్టిన తుటాయి సమాధి. మొగుడు పోయి పదకొండు నెలలైంది, తలరాయి ఇంకా పెట్టలేదు. రోడ్డు మీద మరిది రొంగో తన పికప్‌లో ఇంజను ఆపకుండా కూర్చున్నాడు. వెనకాల తొట్టిలో ఇంటిల్లిపాదీ టోపీలు పట్టుకుని, ఇటే చూస్తూ.

"వదినా, ఎక్కు. రెండో గంట కొట్టేశారు. అన్నని ఎందుకు ఇబ్బంది పెడతావ్?"

"నేను తన్నేది బండిని. మీ అన్నని కాదు."

అంది గానీ ఎక్కక తప్పలేదు. టోపీ ఒక చేత్తో, గౌను ఒక చేత్తో పట్టుకుని తొట్టిలోకి ఎక్కుతుంటే ఒళ్ళు మండిపోయింది. చర్చిలో ఆ రోజు ఆమె గొంతు లేవలేదు.

అసలు గొడవ మధ్యాహ్నం భోజనాల దగ్గర మొదలైంది. కొబ్బరిపాలలో ఉడికిన చేమాకు, గుంటపొయ్యిలోంచి తీసిన కూరపనస అందరి ఆకుల్లోకీ వచ్చాక రొంగో లేచి నిలబడ్డాడు. తింటుండగా లేచి మాట్లాడితే అది వాళ్ళ కుటుంబంలో సభే. సమాధి చుట్టూ అరుగు పోయడానికి సిమెంటు తెచ్చానన్నాడు. రేపు కాక పై సోమవారం పోస్తున్నామన్నాడు. ఆ తర్వాత గొంతు సవరించుకుని, అన్న బండిని కూడా అన్న పక్కనే నిలబెట్టి దాని మీదుగా పోసేద్దామన్నాడు. హ్యాండిలూ హెడ్‌లైటూ పైకి కనబడేట్టు, దానికీ సున్నం కొట్టి. చర్చి రోజున అది కదలడం లేదంటే అన్న దాన్ని పట్టుకుని కూర్చున్నాడని కదా అర్థం. ముప్పై ఏళ్ళు తిరిగిన బండి, వదలబుద్ధి కాదు పాపం. ఆ మాట అనేటప్పుడు రొంగో కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, అవి దొంగ కన్నీళ్ళు కావు. అదే ఆ మనిషితో వచ్చిన చిక్కు. మనసు వెన్న. ఆ వెన్నతోనే మనిషిని కదలనివ్వడు.

అందరికీ నచ్చేసింది. దీవిలో ఎవరి సమాధికీ బండి లేదు. ఫోటోలో ఎంత బావుంటుందో అని ఒకావిడ అప్పుడే మురిసిపోయింది. ఇంతమందిలో ఒక్కళ్ళు, ఒక్కళ్ళంటే ఒక్కళ్ళు, అకాయితి వైపు తిరిగి నువ్వేమంటావమ్మా అని అడిగారా? అడగలేదు.

అకాయితి ఆకు పక్కన పెట్టి లేచింది.

"చచ్చింది నా మొగుడు. బండి చావలేదు. బతికున్నదాన్ని పూడ్చే అలవాటు మన ఇంట్లో ఎప్పట్నుంచి?"

అందరూ మీమెటువా పెద్దత్త వైపు చూశారు. తుటాయికి మేనత్త ఆవిడ. ఎనభై దాటింది, ఆ ఇంటికి పెద్ద దిక్కు. ఆవిడ మాట అయ్యాక ఇంకో మాట ఉండదు. చేపముక్క నిదానంగా తిని, వేళ్ళు తుడుచుకుని, అప్పుడు నోరు విప్పింది.

"వచ్చే ఆదివారం ఆ బండెక్కి చర్చికి రా. వచ్చి, మళ్ళీ దాని మీదే ఇంటికి పో. ఎవరూ తొయ్యకూడదు. పోతే బండి నీది. ఆగితే తుటాయిది."

ఒక పాత తొంభై సీసీ బండి కోసం ఇంత రాద్ధాంతమా అని మీకనిపించొచ్చు. మొగుడు పోయాక తొమ్మిది నెలలకి పైగా బండి టార్పాలిన్ కింద ఉండిపోయింది. అన్నాళ్ళూ అకాయితి రొంగో పికప్‌లో తిరిగింది. చేమ మడికి పోవాలంటే అతని భోజనం అయ్యేదాకా గుమ్మంలో కూర్చోవాలి. ఊళ్ళోకి వారంలో రెండోసారి పోవాలంటే, మొన్నే వెళ్ళావుగా వదినా, మళ్ళీ ఏం పని అని నవ్వుతూ అడుగుతాడు. తిట్టడు, కసరడు, విసుక్కోడు. అడుగుతాడంతే. ఒకరోజు ఆమెకి సముద్రం ఒడ్డున ఊరికే కూర్చోవాలనిపించింది. ఎందుకూ అంటే ఏం చెప్పాలో తెలియక మానేసింది. మానేసిన ఆ సాయంత్రమే వెళ్ళి టార్పాలిన్ లాగి అవతల పారేసింది. ఇప్పుడు ఆ బండి సిమెంటులోకి పోతే ఆమె కూడా పోయినట్టే. ఎక్కడికీ అని ఇంకొకడు అడిగితే తప్ప గడప దాటలేని బతుకు.

సోమవారం పొద్దున బండి ఒక్క కిక్కుకే లేచింది, ఏమీ ఎరగనట్టు.

దాని మీదే అవతియు రేవు దగ్గరున్న మెకానిక్ మారా షెడ్డుకి వెళ్ళింది. మారా ప్లగ్గు విప్పి కిక్కు కొట్టి చూశాడు. నీలంగా రవ్వ పడుతోంది. నిక్షేపంగా ఉంది కదమ్మా అన్నాడు. ఆదివారమే రాదు అంటే, రవ్వ పుట్టించే కాయిల్ పాతదైపోయి ఉంటుంది, ముసలి కాయిళ్ళకి బుద్ధి నిలకడగా ఉండదు, అయినా దీనికి సామాను ఎక్కడ దొరుకుతుంది, కొత్తది కొనుక్కో అన్నాడు. పైగా, బండికీ నీకూ ఇద్దరికీ రెస్టు కావాలి అని ఒక పాచి జోకు. ముసలి కాయిల్‌కి వారాలు తెలుస్తాయా, క్యాలెండరు చూసుకుని చెడుతుందా అని అకాయితి అడిగింది. ఆమె ప్లగ్గు లాక్కుని తనే బిగించుకుని వచ్చేసింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఊళ్ళో వాళ్ళకి తెలియదు, తెలుసుకోవాలని ఎవరూ అనుకోలేదు కూడా. ముప్పై ఏళ్ళు తుటాయి ఆ బండి కింద పడుకుని పనిచేస్తుంటే పక్కన టార్చి పట్టుకున్నది అకాయితి. పధ్నాలుగో నంబరు పానా అంటే పధ్నాలుగు, పది అంటే పది, చూడకుండా చేతికిచ్చేది. తుటాయికి పని చేస్తూ తనలో తాను వాగే అలవాటు. వింటున్నది ఒక్కతే మనిషి. ఆ వాగుడంతా ఆమె బుర్రలో పేరుకుని ఉంది. ఒకేసారి రెండు మార్చకు, ఏది కుదిర్చిందో తెలియక చస్తావ్ అనేవాడు. ఇంకోటి కూడా అనేవాడు: తప్పు కనబడకుండా దాక్కుంటే దాని వెనకాల పరిగెత్తకు, దాన్ని ఇంటికి పిలువు, పిలిచినప్పుడల్లా వచ్చిందా, ఇక నీ చేతికి చిక్కినట్టే.

మంగళవారం మొదటి మాట ప్రకారం పని మొదలుపెట్టింది. ప్లగ్గు మార్చింది. బండి నడిచింది. మళ్ళీ పాతది పెట్టింది. నడిచింది. చక్రంలాంటి మూత విప్పి లోపల కరెంటుని తెంపి కలిపే పాయింట్లు చూసింది. తుటాయి ఎప్పుడూ చర్చి చందా కవరు చింపి ఆ కాగితంతోనే వాటిని తుడిచేవాడు. గరుకు కాగితం అరగదీస్తుంది, దేవుడి కాగితం మెత్తన అనేవాడు. ఆమె కూడా ఆ నెల కవరు చింపి తుడిచింది. వాటి మధ్య ఎడం సరిగ్గానే ఉంది. బిగించి తంతే నడిచింది. నడుస్తున్నదానిలో జబ్బు ఎక్కడని వెతుకుతాం? సాయంత్రం దాకా నూనె చేతులతో కూర్చుని, అప్పుడు రెండో మాట గుర్తు చేసుకుంది.

దీన్ని ఇంటికి పిలవాలి. ఇది ఆదివారానికి తప్ప రాదు. అయితే ఆదివారమే పెడదాం.

ఆదివారంలో ఏమేం ఉంటాయో వేళ్ళ మీద లెక్కేసింది. ముందు రోజు మధ్యాహ్నం నుంచి బండి కదలదు. రాత్రంతా సమాధి పక్కనే నిలబడి ఉంటుంది. పూలదండ. తెల్ల గౌను, టోపీ, పాటల పుస్తకం. తొమ్మిదిన్నర వేళ. ఒక్కటి కూడా వదలకూడదనుకుంది. మంగళవారం పొద్దుగూకకముందే తియారె మొగ్గలు కోసి, దండ గుచ్చి, హెడ్‌లైటుకి వేసి, ప్రతి శనివారం చేసినట్టే చేసి పడుకుంది.

బుధవారం తొమ్మిదిన్నరకి అకాయితి తెల్ల గౌను తొడుక్కుని, టోపీ పెట్టుకుని, పాటల పుస్తకం చంకన పెట్టుకుని వాకిట్లోకి వచ్చింది. ఎదురింటావిడ కంచె దగ్గరికి పరిగెత్తుకొచ్చి ఎవరు పోయారని అడిగింది. ఎవరూ పోలేదు, ఎవరూ పోకూడదనే చేస్తున్నా అంది అకాయితి. అప్పుడే పికప్ వచ్చి ఆగింది. తొట్టిలో అరుగుకి తెచ్చిన సిమెంటు బస్తాలు. రొంగో కిటికీలోంచి తల బయట పెట్టాడు.

"వదినా, ఇవాళ బుధవారం."

"తెలుసు."

"గౌను వేసుకున్నావ్."

"కనబడుతోందిగా."

ఆమె కిక్కు మీద కాలేసి తన్నింది. ఉలుకూ లేదు, పలుకూ లేదు. రెండు, మూడు, ఏడు. చచ్చిన దుంగలా పడి ఉంది బండి. అకాయితి ఒక్కసారిగా పెద్దగా నవ్వింది. నవ్వు ఆగలేదు. పుస్తకం కింద పడేసి చప్పట్లు కొట్టింది. ఏడు ఆదివారాలు ఏడిపించినది బుధవారం పిలిస్తే వచ్చింది! రొంగో ముఖం పాలిపోయింది. చెడిపోయిన బండి ముందు పెళ్ళికూతురిలా నవ్వుతున్న వదినని చూసి, పెద్దత్తకి చెప్పాలని పికప్ తిప్పుకుని పోయాడు.

పోనీ. ఆమెకి ఇప్పుడు మరిదితో పనిలేదు.

గౌను మోకాళ్ళ పైకి దోపుకుని కూర్చుంది. ప్లగ్గు విప్పింది. తడిగా ఉంది, పెట్రోలు వాసన గుప్పుమంది. అంటే తిండి అందుతోంది. ప్లగ్గుని వైరు చివరి తొడుగులో పెట్టి ఇంజను ఇనుముకి ఆనించి కిక్కు కొట్టింది. రవ్వ లేదు. కొత్త ప్లగ్గుతో కొట్టింది. లేదు. అయితే కరెంటే రావడం లేదు. ఇంజనులో పుట్టడం లేదా, పుట్టింది ఎక్కడైనా కారిపోతోందా?

అక్కడ తుటాయి వాగుడు పనికొచ్చింది. ఈ బండిలో తాళంచెవి కరెంటు ఇవ్వదు, తియ్యడమే దాని పని. ఇంజను దగ్గర్నుంచి ఒక నల్ల వైరు ముందుకి, తాళం దాకా పోతుంది. తాళం ఆపినప్పుడు ఆ వైరు ఇనుముకి తగిలి కరెంటంతా బండి ఒంట్లోకి పోతుంది, ఇంజను ఆగిపోతుంది. అంటే తాళంతో పనిలేకుండా ఆ నల్ల వైరు మరెక్కడ ఇనుముకి తగిలినా తాళం ఆపినట్టే. సీటు కింద ఆ వైరుకి ఒక జాయింటు ఉంది. అకాయితి దాన్ని పట్టుకుని లాగి విడదీసింది. కిక్కు కొట్టింది.

టిక్. నీలంగా, లావుగా పడింది రవ్వ.

జాయింటు కలిపింది, రవ్వ పోయింది. విడదీసింది, వచ్చింది. పదిసార్లు చేసింది, చిన్నపిల్ల స్విచ్చితో ఆడుకున్నట్టు. కాయిల్‌కి ఏ రోగమూ లేదు, మారా నోటికే ఉంది. ఇంజను పుట్టించేది పుట్టిస్తూనే ఉంది. ముందు వైపు ఎక్కడో దాని గొంతు పట్టుకున్నారు. తుటాయి పట్టుకున్నాడా? ముప్పై ఏళ్ళు ఆ గొంతు తడిపి బతికించినవాడు పట్టుకుంటాడా? ఆమెకి తెలుసు వాడి సంగతి.

జాయింటు మళ్ళీ కలిపి, ఒక్కొక్కటే తీయడం మొదలుపెట్టింది. టోపీ తీసి పక్కన పెట్టి తన్నింది. లేదు. నవ్వుకుంది, అయినా రూలు రూలే. పాటల పుస్తకం ఇంట్లో పెట్టొచ్చి తన్నింది. లేదు. బండిని సమాధి దగ్గర్నుంచి రోడ్డు దాకా నడిపించుకెళ్ళి తన్నింది. లేదు. దండ తీసి తన్నింది. లేదు. దండ మీద కూడా తప్పు లేదనుకుని దాన్ని సమాధి మీద వేయబోతుంటే చెయ్యంతా నీళ్ళు. చూస్తే హెడ్‌లైటు డిప్ప కింద అతుకులోంచి బొట్టు బొట్టుగా నీరు కారుతోంది.

డిప్ప పైన, ఇంతసేపూ దండ కింద దాక్కున్న చోట, చిటికెనవేలు పట్టేంత కన్నం. ఎన్నో ఏళ్ళ కిందట జెండా పండగ ఊరేగింపుకని తుటాయి అక్కడ బోల్టు వేసి చిన్న జెండా కట్టాడు. పండగ అయ్యాక జెండా తీశాడు, బోల్టు తీశాడు, కన్నం మిగిలింది. ఆమె స్క్రూలు విప్పి అద్దం లాగింది. లోపల్నుంచి అరచిప్పెడు నీళ్ళు గౌను మీద పడ్డాయి. నీళ్ళతో పాటు కుళ్ళిన పూరేకులు. వైర్లన్నీ కలిసేది ఆ డిప్పలోనే. జాయింట్ల మీద సముద్రపు గాలి ఉప్పు పచ్చగా పట్టేసింది. నల్ల వైరు జాయింటు మీది తొడుగు చీకిపోయి, ఆ ఉప్పు తడిలో డిప్ప ఇనుముకి అంటుకుని ఉంది. ఎండినప్పుడు ఊరుకుంటుంది, వానకి బండి ఎప్పుడూ చూరు కిందే. తడిస్తే బండి చస్తుంది.

అకాయితి అక్కడే నేల మీద కూర్చుండిపోయింది.

తుటాయి కూడా ఆదివారం దండ వేసేవాడు. సన్నది, వేలంత. పొద్దున బయల్దేరేముందు హ్యాండిలు పక్కనుండే అద్దానికి తగిలించేవాడు. వాడు పోయాక ఆమెకి అది చాలలేదు. చెయ్యంత లావు దండ గుచ్చి, శనివారం సాయంత్రమే హెడ్‌లైటు మీద పరిచి, పొద్దుటికి వాడిపోకుండా కొబ్బరిచిప్పతో రెండుసార్లు నీళ్ళు పోసి పడుకునేది. ఏడు శనివారాలు. నిన్న ఎనిమిదోసారి. దెయ్యం లేదు, దేవుడి కోపం లేదు. తన చేతులతో తానే, ప్రేమగా, పూలేసి నీళ్ళు పోసి చంపుకుంది.

ఏడ్చింది. గట్టిగానే ఏడ్చింది, ఎదురింటావిడ వింటే విననీ అని. ఏడుపులో ఇంకో సంగతి తట్టింది. పదకొండు నెలలుగా తను చెవిలో ఒక్క పువ్వు పెట్టుకోలేదు. ఎవరూ వద్దనలేదు. ఆ దీవిలో మొగుడు పోయిన ఆడదాన్ని పూలు మానమనే వాళ్ళు లేరు. పెరట్లో పూసిన ప్రతి పువ్వూ ఈ ఇనుప డిప్ప మీదికే పోయింది. సమాధి మీద వేసినా మట్టికి దక్కేవి. ఏడుపు ఆగిపోయి కోపం వచ్చింది, తన మీద తనకే. ఆ కోపంతోనే లేచి గౌను మార్చుకుంది.

నిమ్మరసం, పాత పళ్ళ బ్రష్షు తెచ్చి జాయింట్లు తళతళలాడేదాకా తోమింది. మంచినీళ్ళతో కడిగి ఎండలో పెట్టింది. నల్ల వైరుకి కొత్త తొడుగు వేసి టేపు చుట్టింది. ఇక కన్నం. వాళ్ళ నాన్న పడవ చిల్లులకి కూరపనస బంకే పెట్టేవాడు. ఆమె చెట్టుకి గాటు పెట్టి, పాలు పట్టి, కాచి, కన్నంలో కూరింది. గట్టిపడితే రాయే. గట్టిపడటానికి మాత్రం వారం పైన ఎండ కావాలి. శుక్రవారం రోజంతా వాన. శనివారం సాయంత్రం వేలితో నొక్కి చూస్తే ఇంకా వేలికి అంటుకుంటోంది.

ఆ సాయంత్రం చెయ్యి అలవాటుగా సూదీ దారం వెతుక్కుంది. పెట్టెలో పడేసి మూత వేసింది.

ఆదివారం. గంట మోగింది. పికప్ రోడ్డు మీద నిలబడి ఉంది. అకాయితి కిక్కు మీద కాలేసింది, ఒక్కటే తన్ను, బండి గుర్రుమంది. తొట్టిలో ఒక పిన్ని అరచేత్తో నోరు మూసుకుంది. రొంగో దారంతా ఆమె వెనకాలే, నడక వేగంతో, శవం వెనక నడిచినట్టు పికప్ నడిపాడు. ఎప్పుడు ఆగుతుందా అని. ఆగలేదు. చర్చిలో ఆమె గొంతు మగాళ్ళ వరసల్ని దాటి వినబడింది.

ప్రార్థన అయ్యాక ఊరంతా బండి చుట్టూ మూగింది. ఇంకా సగం పని ఉంది, ఇంటికి పోవాలి. ఆమె తాళం తిప్పబోతుండగా జనం పక్కకి తప్పుకున్నారు. మీమెటువా పెద్దత్త కర్ర పొడుచుకుంటూ వస్తోంది. చేతిలో దండ, చెయ్యంత లావు. ప్రార్థన జరిగినంతసేపూ నీళ్ళ గిన్నెలో నాననిచ్చి తెచ్చింది. దారి పొడుగునా నీళ్ళు కారుతూనే ఉన్నాయి.

"మంచిగా తీసుకొచ్చాడు వాడు నిన్ను. ఇది తుటాయికి," అని పెద్దత్త దండని హెడ్‌లైటు వైపు చాచింది.

దండ వేస్తే తీయకూడదు. వేసినవాళ్ళ ముందు తీయడమంటే వాళ్ళ ముఖం మీద ఉమ్మినట్టే. పెద్దత్త వేసిన దండని కాదన్న మనిషి ఆ దీవిలో ఇంతవరకు పుట్టలేదు. వేయనిస్తే, పచ్చి బంక మీద ఆ నీళ్ళన్నీ. ఆగొచ్చు, ఆగకపోవచ్చు. కానీ అకాయితి భయపడింది బంక గురించి కాదు. ఇప్పుడు వేయనిస్తే, బండి ఇల్లు చేరినా సరే, వచ్చే ఆదివారం ఇంకో దండ, ఆపైన ఇంకోటి. సిమెంటు లేకుండానే సమాధి అయిపోతుంది. ఆమె రెండు చేతులూ హెడ్‌లైటు మీద కప్పింది.

"వద్దు పెద్దత్తా."

రొంగో వదినా అని గొణిగాడు. పెద్దత్త చేతులు గాల్లోనే ఉండిపోయాయి.

"తుటాయి మా వాకిట్లో పడుకుని ఉన్నాడు. రేపు నేనే వేస్తా వాడికి. ఇది ఇనుము. నేనే దీనికి పూలేసి, నీళ్ళు పోసి, ఏడు వారాలు చంపాను. నీళ్ళు లోపల వైరుకి తగిలి ఆగిపోయింది, విప్పి చూశాను, కావాలంటే చూపిస్తా. దెయ్యం కాదు, నేను." ఆమె హెడ్‌లైటు మీంచి చేతులు తీయలేదు. "దండ వేయాలని ఉంటే నాకెయ్యి. పదకొండు నెలలైంది పెద్దత్తా నాకు పువ్వు తగిలి. నేనింకా ఉన్నాను."

అని టోపీ తీసి తల వంచింది.

పెద్దత్త ఆ వంచిన తల వైపు చూసింది. నెరిసిన జుట్టు, మెడ మీద ఎక్కడో అంటిన నల్ల నూనె మరక. కర్ర రొంగో చేతిలో పెట్టి, రెండు చేతులతో దండ ఎత్తి అకాయితి మెడలో వేసింది. చల్లటి నీళ్ళు వీపు మీదుగా గౌనంతా తడిపాయి. అకాయితికి ఒళ్ళు జల్లుమంది.

"నూనె కంపు కొడుతున్నావే," అంది పెద్దత్త. "పో. కూడు చల్లారిపోతుంది."

ఒక్క కిక్కుకే లేచింది బండి. చర్చి గేటు దాటాక ఇంటికి ఎడమకి తిరగాలి, మైలున్నర. అకాయితి కుడికి తిప్పింది. రొంగో పికప్ కిటికీలోంచి సగం బయటికొచ్చి అరిచాడు.

"వదినా, ఇల్లు ఇటు!"

"అటు కూడా ఇల్లే వస్తుంది," అంది ఆమె, తల తిప్పకుండా.

వస్తుంది మరి. దీవి చుట్టూ ఉన్నది ఒకటే రోడ్డు. కాకపోతే ఇరవై మైళ్ళు. ఇంటిల్లిపాదీ ఆకుల మీద ఆకులు కప్పుకుని, ఈగలు తోలుకుంటూ గంటకి పైగా కూర్చున్నారు. దారిలో ఆమె ఒకచోట ఆగి సముద్రం వైపు తిరిగి ఊరికే కూర్చుంది, ఎంతసేపో ఎవరికీ చెప్పలేదు. అవతలి వైపు నుంచి బండి చప్పుడు వినబడేసరికి రొంగో ఆమె వాకిట్లో సిమెంటు బస్తాల పక్కన నిలబడి ఉన్నాడు. ఆమె వాకిట్లోకి వచ్చి ఆపింది. గాలికి దండ ఆరిపోయింది, రేకుల అంచులు గోధుమరంగుకి తిరిగాయి.

"బస్తాలు ఊరికే గడ్డకట్టిపోతాయి, రొంగో," అంది. "అరుగు పొయ్యగా మిగిలింది ఇక్కడ పొయ్యి. స్టాండు దిగబడకుండా గట్టి నేల కావాలి నా బండికి."

సోమవారం రొంగో పోశాడు.